విత్తనం వయసు అడగకుండా చేతిని అనకండి

మదనపల్లె దగ్గర మా ఊళ్ళో మా అమ్మ చెయ్యి మంచిదని పేరు. వేరుశనగ విత్తే రోజు గొర్రు కట్టాక మొదటి గుప్పెడు గింజలు అమ్మే వెయ్యాలి. పక్కింటివాళ్ళు సొరపాదు పెట్టుకోవాలన్నా, ఎదురింటివాళ్ళు పందిరి చిక్కుడు పెట్టుకోవాలన్నా "వదినా, నువ్వొచ్చి ఒక్క గింజ వేసి పో" అని పిలుచుకునేవాళ్ళు. 2009లో నాన్న పోయారు. ఆ తర్వాత ఆ పిలుపులు ఆగిపోయాయి. ఎవరూ నోరు తెరిచి ఏమీ అనలేదు. ఆ ఏడు ఏరువాకకు పిన్ని వచ్చి మొదటి గింజ వేసింది, అంతే. నాలుగేళ్ళ తర్వాత మా పెదనాన్న మనవరాలి పెళ్ళిలో పాలికల్లో నవధాన్యాలు వేసే వేళ ముత్తైదువులందరూ పందిట్లో కూర్చుంటే, అమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి చూస్తోంది. ఆ రోజు నేనూ ఏమీ అనలేదు. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఇప్పుడు అమ్మ బెంగళూరులో మా దగ్గరే ఉంటోంది. కె.ఆర్. పురంలో మాది చిన్న ఇల్లు, పైన మిద్దెతోట. నలభై దాకా గ్రో బ్యాగులు, సగానికి కోసిన నీలం డ్రమ్ములు నాలుగు. 2023 ఉగాది రోజు, మార్చి 22న, ఒక కొత్త విత్తనం తెచ్చి అమ్మ చేత వేయించాను. పార్స్‌నిప్. రోజూ రెండు పూటలా నీళ్ళు చల్లాం. నెల గడిచింది. ఒక్కటంటే ఒక్కటి మొలవలేదు. ఒక సాయంత్రం అమ్మ డ్రమ్ము పక్కన పీట వేసుకుని కూర్చుని, వేలితో మట్టి కదిపి చూసి, "నాతో వేయించావు కదమ్మా, అందుకే" అంది.

ఆ మాట తప్పని అమ్మకు చూపించడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

పార్స్‌నిప్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. చూడ్డానికి తెల్ల క్యారెట్‌లా ఉంటుంది. మీగడ రంగు, పైన భుజాలు వెడల్పు, కిందికి సన్నగా తోక. ఉడికితే తియ్యగా, కాస్త ఘాటు వాసనతో ఉంటుంది. దక్షిణ అమెరికా నుంచి బంగాళాదుంప రాకముందు యూరప్‌లో చలికాలమంతా కడుపు నింపిన దుంపల్లో ఇదొకటి. క్యారెట్, కొత్తిమీర, జీలకర్ర, సోంపు, వాము, చివరికి ఇంగువ మొక్క కూడా దీని చుట్టాలే. మన పోపుల డబ్బా తెరిస్తే ఈ కుటుంబం వాసనే ముందు వస్తుంది. కాబట్టి పేరు కొత్తదే కానీ వంశం మనకు పరాయిది కాదు.

ఆ రోజుల్లో మా వీధిలోనే ఒకావిడ "గోంగూర, తోటకూర వేసుకోక ఈ దొరల దుంపలెందుకమ్మా" అని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. గోంగూర కూడా వేస్తున్నాను, నాలుగు బ్యాగుల నిండా ఉంది. కానీ కొత్త మొక్క వద్దనే మాట ఈ ఊరికి అసలు నప్పదు. మనం బెంగళూరు వంకాయ అని పేరు పెట్టి కూటు వండుకునే కాయ మెక్సికో వైపు నుంచి వచ్చింది. 19వ శతాబ్దం చివర్లో లాల్‌బాగ్‌ను చూసుకున్న జాన్ కామెరాన్ దాన్ని ఇక్కడికి తెప్పించాడని చెబుతారు. ఇక్కడివాళ్ళు దాన్ని సీమె బదనెకాయి అంటారు. సీమ, అంటే పరదేశం, అని పేరు తగిలించుకుని వచ్చిందే తర్వాత మన ఊరి పేరు పెట్టుకుని తిరుగుతోంది. క్యారెట్, బీన్స్, క్యాబేజీ లేని బెంగళూరు సంత ఉంటుందా? ఏది ఇక్కడ బతుకుతుందో, ఏది బతకదో తెలియాలంటే ఎవరో ఒకరు వేసి చూడాలి. కానీ సరిగ్గా వేసి చూడాలి. చచ్చిన గింజ వేసి "ఇక్కడ పండదు" అని తేల్చేస్తే ఊరికీ అన్యాయమే, మొక్కకూ అన్యాయమే, వేసిన మనిషికి మరీ అన్యాయం.

మొదటిసారి ఎక్కడ తప్పామో వెతికితే రెండు కారణాలు దొరికాయి. ముందు వేడి సంగతి. ఏప్రిల్ మొదట్లో ఒక మధ్యాహ్నం మూడు గంటలకు వంటింటి థర్మామీటర్ తెచ్చి డ్రమ్ములో రెండంగుళాల లోతున గుచ్చాను. 38 డిగ్రీలు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో హారింగ్టన్ అనే శాస్త్రవేత్త కూరగాయల విత్తనాలు ఏ వేడిలో ఎన్నాళ్ళకు మొలుస్తాయో కొలిచి ఒక పట్టిక వేశాడు. తోటపని పుస్తకాల్లో ఇప్పటికీ అదే కనిపిస్తుంది. అందులో పార్స్‌నిప్ లెక్క ఇదీ: మట్టి 10 డిగ్రీల దగ్గర ఉంటే సుమారు 27 రోజులు, 20 దగ్గర 14 రోజులు, 25 దగ్గర 15 రోజులు. 30కి చేరితే మళ్ళీ 32 రోజులు. 35 దగ్గర అసలు మొలవదు. నేను ఉగాది మంచిరోజని చూసుకున్నాను. మన రైతులు చూసేది వేరు. "అదనెరిగి సేద్యం, పదునెరిగి పైరు" అంటారు. అదనంటే విత్తే వేళ, పదునంటే మట్టిలో ఉండాల్సినంత చెమ్మ. పార్స్‌నిప్‌కు బెంగళూరులో అదను చిత్త, స్వాతి కార్తెల్లో, అంటే అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు మొదటి వారం దాకా. పగటి ఎండ తగ్గుతుంది, మిద్దె మీద మట్టి 25 అటూఇటూగా ఉంటుంది, ముందు నాలుగు నెలల చల్లదనం దొరుకుతుంది. మార్చిలో ఏ చేతితో వేసినా ఆ గింజ మొలవదు.

సరే అని 2023 అక్టోబరులో అదే ప్యాకెట్లో మిగిలినవాటిలో కొన్ని మళ్ళీ వేశాం. ఈసారి నేనే వేశాను. అమ్మను పిలిస్తే రానంది. మళ్ళీ ఒక్కటీ రాలేదు. అప్పుడు అమ్మ ఏమీ అనలేదు కానీ, నా చేతివైపు ఒకసారి చూసింది. చూడండి, ఈ నమ్మకం ఎంత తొందరగా అంటుకుంటుందో! నాకే ఒక్క క్షణం "మా ఇద్దరి చేతులూ ఇంతేనేమో" అనిపించింది. చదువుకుని, ఉద్యోగం చేస్తూ, అన్నీ తెలిసిన నాకు.

రెండో కారణం అప్పుడు దొరికింది. వయసు.

పార్స్‌నిప్ విత్తనం ఆయుష్షు సుమారు ఒక్క సంవత్సరం. ఉల్లి విత్తనంతో పాటు కూరగాయలన్నిటిలోకీ తొందరగా చచ్చిపోయేది ఇదే. బెండకు రెండేళ్ళు, క్యారెట్‌కు, బీన్స్‌కు మూడేళ్ళు, టమాటాకు నాలుగేళ్ళు, దోసకు అయిదేళ్ళు అని మామూలు లెక్క. అదీ చల్లగా, పొడిగా దాచినప్పటి మాట. విత్తనాల లోకంలో ఇంత తేడాలుంటాయి మరి. ఇజ్రాయెల్‌లోని మసాడా కోటలో దొరికిన, దాదాపు రెండు వేల ఏళ్ళనాటి ఖర్జూరపు గింజ 2005లో మొలిచింది. దానికి మెథూసెలా అని పేరు కూడా పెట్టారు. ఆ గింజ పక్కన పెడితే పార్స్‌నిప్ ఆయుష్షు ఒక ఉగాది నుంచి మరో ఉగాది దాకా. దాచే పద్ధతికీ హారింగ్టన్ ఒక లెక్క చెప్పాడు: విత్తనంలో తేమ ఒక శాతం తగ్గితే ఆయుష్షు రెండింతలవుతుంది, దాచిన చోటు సుమారు 5 డిగ్రీలు చల్లబడితే మరో రెండింతలు. తిప్పి చదువుకుంటే, రేకుల కప్పు కింద, వానాకాలపు చెమ్మలో, అద్దాల బీరువాలో ఎండ పడేలా వేలాడదీసిన ప్యాకెట్ సంగతేమిటో తెలుస్తుంది.

మా ప్యాకెట్ తీసి చూశాను. పారదర్శకమైన కవరు, లోపల గింజలు, పైన ధర స్టిక్కరు, మొక్క బొమ్మ. సంవత్సరం లేదు. ఎప్పుడు పండించారో, ఎప్పుడు పరీక్షించారో, ఎప్పుడు కట్టారో ఒక్క ముక్క లేదు. పెద్ద సంచీలో వచ్చినవాటిని విప్పి పొట్లాలు కట్టినట్టున్నారు. కొన్న దుకాణానికి వెళ్ళి ఏ ఏటివని అడిగితే "విత్తనానికి వయసేమిటి మేడం, నీళ్ళు సరిగ్గా పొయ్యండి, అదే వస్తుంది" అన్నాడు కౌంటర్ దగ్గరి అబ్బాయి. అతని మీద నాకు కోపం లేదు, అతనికి ఎవరూ చెప్పలేదు. కానీ ఆ మాట ఎవరి మీద పడుతుందో ఆలోచించండి. నీళ్ళు పోసినవాళ్ళ మీద. అంటే ఇంట్లో ఆడవాళ్ళ మీద.

మన దేశంలో విత్తనాల చట్టం 1966 నుంచి ఉంది. ప్రభుత్వం నోటిఫై చేసిన రకాలకు చీటీ మీద మొలక శాతం, పరీక్షించిన తేదీ ఉండాలి. సర్టిఫై చేసిన విత్తనానికి నీలం చీటీ, అమ్మేవాళ్ళే పూచీ పడి అమ్మేదానికి ఆకుపచ్చ చీటీ. సర్టిఫై అయిన విత్తనం గడువు మామూలుగా పరీక్ష రోజు నుంచి తొమ్మిది నెలలు. ఊళ్ళో మా అన్నయ్య వేరుశనగ బస్తా కొంటే ఆ చీటీ చూడందే డబ్బులివ్వడు. నగరంలో మిద్దెతోటలవాళ్ళం మాత్రం ఇరవై గింజల పొట్లం ఎనభై రూపాయలకు కొంటూ, వెనక్కి తిప్పి కూడా చూడం. ప్రభుత్వం పెట్టిన విత్తన ప్రమాణాల్లో ఇంకో సంగతి ఉంది. క్యారెట్ విత్తనానికి ఉండాల్సిన కనీస మొలక శాతం 60. ముల్లంగికి 70. అంటే అన్ని పరీక్షలూ దాటిన మంచి క్యారెట్ విత్తనంలో కూడా వందకు నలభై మొలవకపోవచ్చని ప్రభుత్వమే ఒప్పుకుంటోంది. ఆ నలభై మొలవకపోవడం ఎవరి చెయ్యి చలవ?

అందుకని 2024లో దారి మార్చాను. ముందు తేదీ రాసి ఉన్న ప్యాకెట్ కోసం వెతికాను. మూడు చోట్ల తిరిగాక ప్యాకింగ్ నెల, మొలక శాతం అచ్చు వేసినది ఒకటి దొరికింది. (ఇంగ్లండ్‌లో ఉన్న బంధువులను సూట్‌కేసులో వేసుకు రమ్మనచ్చు కదా అని కొందరంటారు. వద్దు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం విత్తనాలను అలా అనుమతుల్లేకుండా తేకూడదు, ఆ నియమానికి మంచి కారణమే ఉంది. గింజతో పాటు తెగులు కూడా వస్తుంది.) అక్టోబరు 12, దసరా రోజు, భోజనాలయ్యాక, అమ్మను వంటింట్లో బల్ల దగ్గర కూర్చోబెట్టాను. నాలుగు స్టీలు డబ్బాలు, నాలుగు తెల్ల గుడ్డ ముక్కలు. రెండు డబ్బాలు కొత్త ప్యాకెట్‌కు, రెండు పాత ప్యాకెట్‌కు. ఒక్కోదాంట్లో పాతికేసి గింజలు. కొత్తవాటిలో ఒక పాతిక అమ్మ చేత్తో, ఒక పాతిక నా చేత్తో. పాతవాటిలోనూ అంతే. డబ్బాల మూతల మీద మార్కర్‌తో తేదీ, పేర్లు రాశాను.

"ఇదేం పరీక్షే" అంది అమ్మ. "వడ్లు మండె కట్టడం లాంటిదే కదమ్మా" అన్నాను. నారు పోసే ముందు వడ్లు నానబెట్టి, మూటకట్టి మొలకెత్తించడం అమ్మకు తెలిసిన పనే, వెంటనే అర్థమైంది. గుడ్డను తడిపి, పిండి, మళ్ళీ విదిలించి, "ఇంత చాలు, కారేంత తడి ఉంటే కుళ్ళిపోతాయి" అని తనే చూపించింది.

ఆ గింజను మీరు దగ్గరగా చూడాలి. అరచేతిలో వేసుకుంటే బరువే తెలియదు, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది. పలచగా, గుండ్రంగా, చింతగింజ పైపొర ఊడదీసి నొక్కినట్టు ఉంటుంది. అంచు చుట్టూ కాగితంలాంటి రెక్క. మధ్యలో సన్నటి ముదురు గోధుమరంగు గీతలు నాలుగైదు నిలువుగా దిగి ఉంటాయి, అవి నూనె గొట్టాలు. గోటితో గీరితే వాసన వస్తుంది. జీలకర్రలో, ధనియాల్లో ఉండేవీ అలాంటి గొట్టాలే. అమ్మ ఒక గింజ గీరి ముక్కు దగ్గర పెట్టుకుని "సోంపు చెల్లెలు" అంది.

తర్వాత ఎదురుచూపు. పెసలు రాత్రి నానబెడితే మర్నాటికి మొలక వస్తుంది, ఎందుకంటే ఆ గింజ లోపల పిల్లమొక్క పూర్తిగా తయారై ఉంటుంది. ఈ కుటుంబంలో అలా కాదు. గింజ రాలేసరికి లోపలి పిండం ఇంకా ఎదగలేదు. చుట్టూ ఉన్న ఆహారం మధ్యలో చిన్న పుల్లలా ఉంటుందంతే. తడి తగిలాక అది లోపలే, ఆ ఆహారం తింటూ, పొడుగు సాగాలి. ఆ పని పూర్తయ్యాకే వేరు బయటికి పొడుచుకొస్తుంది. కాబట్టి బయటికి ఏమీ కనిపించని ఆ రెండు వారాలూ గింజ ఊరికే లేదు. మనం విసుగెత్తి నీళ్ళు ఆపేసేది సరిగ్గా అప్పుడే. అప్పుడు ఎండిపోతే లోపల సాగుతున్నది ఆగిపోతుంది, చచ్చిపోవచ్చు కూడా. ఈ సంగతి తెలిశాక నాకు ధనియాల విషయం కూడా అర్థమైంది. అమ్మ ధనియాలను పీటమీద వేసి రోకలితో మెల్లగా రుద్ది, రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లుతుంది. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి, బద్దలైతే నీళ్ళు తొందరగా లోపలికి వెళతాయి. మా ఇంట్లో కొత్తిమీర ఎప్పుడూ ఒత్తుగా రావడానికి కారణం అదే. అది పనితనం, ఎవరైనా నేర్చుకోవచ్చు. మనం దానికి చేతివాసి అని పేరు పెట్టి, ముందు నెత్తిన పెట్టుకుని, తర్వాత అదే మాటతో మనిషిని గడప దగ్గర నిలబెడతాం.

పదకొండో రోజు పొద్దున కాఫీ పెట్టకముందే అమ్మ డబ్బాలు తెరిచింది. నన్ను పిలవలేదు, నేను వెళ్ళేసరికి కళ్ళజోడు పెట్టుకుని గుడ్డ మీదికి వంగి ఉంది. కొత్త ప్యాకెట్‌లో ఒక గింజ కొసన, సూది మొనంత తెల్లటి వేరు. తన డబ్బాలోదే. ఆ తర్వాత నాలుగు రోజుల్లో వరసగా వచ్చాయి. పదిహేనో రోజుకు లెక్క: కొత్తవాటిలో అమ్మ చేతివి పాతికకు పదహారు, నావి పదిహేను. పాతవాటిలో నావి సున్నా, అమ్మవి ఒకటి.

అమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది. పాత ప్యాకెట్‌లోంచి వచ్చిన ఆ ఒక్కదాన్ని విడిగా తీసి, చిన్న మూతలో పెట్టుకుంది. నాతో ఏమీ అనలేదు. సాయంత్రం మాత్రం పిన్నికి ఫోన్‌లో చెబుతుంటే విన్నాను: "గింజలే పాతవంటే!"

ఇక విత్తడం గురించి. వేరు బయటపడ్డాక ఆలస్యం చెయ్యకూడదు. అది అర అంగుళం దాటితే ముట్టుకుంటే విరిగిపోతుంది. నారు పోసి తర్వాత మార్చడం దీనికి పనికిరాదు, తల్లివేరు కొస తెగితే దుంప రెండుగా, మూడుగా చీలుతుంది. ఎక్కడ పెరగాలో అక్కడే వెయ్యాలి. అడుగున్నర లోతున్న సగం డ్రమ్ముల్లో ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), బాగా మాగిన కంపోస్ట్ సమంగా కలిపాం. పచ్చి పేడ వెయ్యలేదు, అది కూడా దుంపను చీలుస్తుంది. రాళ్ళేమీ లేకుండా అమ్మ పైన అడుగు మట్టిని జల్లెడ పట్టింది. ఆ ఏడు అక్టోబరు మూడో వారంలో బెంగళూరులో వానలు దంచికొట్టాయి, చాలా కాలనీలు మునిగాయి. అందుకని వాన తెరిపి ఇచ్చేదాకా ఆగి, 27న, స్వాతి కార్తెలో వేశాం.

కొన్నింటిని అమ్మ మా అమ్మాయి పెయింటింగ్ బ్రష్ తడిపి, దాని మొనకు గింజను అంటించుకుని, ఒక్కొక్కటే గుంటలో దించింది. వేలి గోరంత లోతు, ఆరంగుళాల ఎడం. పైన కోకోపీట్ పలచగా. ఎర్రమట్టి కప్పితే వానకు తడిసి, ఎండకు అట్ట కట్టి, మొలక నెత్తి ఎత్తలేదు. నేను ఇంకో పద్ధతి చూశాను. ఇంగ్లండ్‌లో 1970లలో పరిశోధకులు మొలకెత్తిన గింజలను జెల్‌లో కలిపి విత్తడం మీద చాలా పని చేశారు. దాన్ని మన వంటింటికి తెచ్చుకోవచ్చు. కార్న్‌ఫ్లోర్‌ను ఉప్పు లేకుండా గంజిలా కాచి, పూర్తిగా చల్లార్చి, మొలకలను అందులో మెల్లగా కలిపి, పాల కవరు మూల కత్తిరించి, గోరింటాకు కోన్‌లా సాలు వెంట పిండాలి. వేరు విరగదు, చుట్టూ చెమ్మ ఉంటుంది. రెండు పద్ధతులూ పనిచేశాయి. బ్రష్‌వి వరసగా, చూడముచ్చటగా వచ్చాయి. డ్రమ్ము అంచుల వెంట ముల్లంగి గింజలు కూడా వేశాం. అవి నాలుగైదు రోజుల్లో పైకొచ్చి ఎక్కడ ఏం వేశామో గుర్తు చూపిస్తాయి, పార్స్‌నిప్ పుంజుకునేలోగా పీకి సాంబారులో వేసుకోవచ్చు. పైన తడి గోనెపట్టా కప్పి, రోజూ సాయంత్రం ఎత్తి చూసి, మొదటి మొలక కనబడగానే తీసేశాం.

నీళ్ళ సంగతి ఇక్కడే చెప్పాలి. 2024 మార్చిలో ఈ నగరం పడ్డ కష్టం చూశాం కదా. బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ల కోసం క్యూలు కట్టాం. తాగే నీళ్ళు తోటకు పోస్తే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ఆర్డర్ వేసింది. అలాంటి ఊళ్ళో చచ్చిన గింజకు నెలరోజులు రెండు పూటలా నీళ్ళు పోయడమంటే ఎంత తప్పు! తడిగుడ్డ పరీక్షకు రెండు వారాలకు ఒక గ్లాసు నీళ్ళు సరిపోయాయి. మొలిచినవాటికే మట్టిలో చోటిచ్చాం, బియ్యం కడిగిన నీళ్ళతోనే చాలావరకు గడిచింది. ఫిల్టర్ నుంచి వచ్చే వేస్ట్ నీళ్ళు మాత్రం మొలకలకు వద్దు, ఉప్పు ఎక్కువ.

ముప్ఫై ఒక్క మొలకలు వేస్తే ఇరవై ఆరు పైకొచ్చాయి. మొదట వచ్చే రెండాకులూ గడ్డిపోచల్లా సన్నగా, పొడుగ్గా ఉంటాయి. చూసినవాళ్ళు కలుపని పీకేస్తారు. మూడో ఆకు అంచు నొక్కులు పడితేనే అసలు రూపం. పాత ప్యాకెట్ నుంచి వచ్చిన ఆ ఒక్కదాన్ని అమ్మ నూనె డబ్బాలో వేసి ఎంత చూసుకున్నా రెండాకుల దగ్గరే ఆగిపోయింది. ముసలి గింజ మొలిచినా దానికి సత్తువ ఉండదు.

పెంచేవాళ్ళకు ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. ఈ ఆకుల పసరు చర్మానికి తగిలి, తర్వాత దానిమీద ఎండ పడితే బొబ్బలు లేస్తాయి. మచ్చలు నెలల తరబడి పోవు. పొడుగు చేతుల జాకెట్టో చొక్కానో వేసుకుని, సాయంత్రం పూట ముట్టుకోండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. పిల్లలను ఆకులు తెంపనివ్వకండి.

2025 మార్చి మొదటి వారంలో తవ్వాం. ఇరవై రెండు దుంపలు. కొన్ని జానెడు పొడుగు, కొన్ని పొట్టివి, నాలుగు కాళ్ళు చీలినవి. అన్నిటికన్నా పెద్దది 210 గ్రాములు. ఇంగ్లండ్‌లో మంచు పడ్డాక తవ్వుతారు, చలికి లోపలి పిండి చక్కెరగా మారి తీపెక్కుతుంది. ఇక్కడ ఆ చలి ఎక్కడిది? ఈ నగరంలో నమోదైన అతి తక్కువ వేడి 1884 జనవరిలో, అదీ 7.8 డిగ్రీలే. అందుకని ఫ్రిజ్‌లో అన్నిటికన్నా చల్లటి అరలో రెండు వారాలు ఉంచాం, తేడా తెలిసింది. అమ్మ సగం ముక్కల పులుసులో వేసింది, సగం నువ్వులపొడి చల్లి వేపుడు చేసింది. పులుసే బాగుందని ఇంట్లో అందరి తీర్పు. విత్తనం మాత్రం ఇక్కడ కట్టుకోలేం. ఇది రెండో ఏడు పూసే మొక్క, మధ్యలో గట్టి చలి తగలకపోతే పూతకు రాదు. కాబట్టి ఏటా కొనాలి, ఏటా తేదీ చూడాలి, ఏటా గుడ్డలో వేసి చూడాలి.

చేతివాసి అనే మాట మీద నాకున్న అభ్యంతరం ఒక్క మా అమ్మ గురించే కాదు. పెళ్ళి పాలికల్లో గింజలు గుబురుగా రాకపోతే ఆ పిల్ల కాపురం గురించి గుసగుసలు వినే ఉంటారు. నా ఉద్దేశంలో పాలికలు మా స్టీలు డబ్బాల్లాంటివే. ఈ ఇంటి ధాన్యంలో ఏది జీవంతో ఉంది, ఏది లేదు అని నలుగురి ముందూ చూసుకునే పరీక్ష. అది గింజ గురించి చెప్పే మాటను మనం మనిషి గురించి అనుకున్నాం. అందులోనూ భర్త పోయిన మనిషి గురించి మొదట అనుకున్నాం. నాన్న పోయిన ఏడు అమ్మ వేయకపోయినా వేరుశనగ దిగుబడి మామూలుగానే వచ్చింది, ఆ ముందు ఏళ్ళలో అమ్మ వేసినప్పుడు వాన లేక ఎండిపోయిన పంటలూ ఉన్నాయి. ఊళ్ళో అందరికీ అది తెలుసు. తెలిసీ ఆ మనిషిని పక్కన పెట్టారు, నేను చూస్తూ ఊరుకున్నాను.

వచ్చే మాఘంలో మా అన్నయ్య కూతురి పెళ్ళి. మొన్న ఫోన్ చేసి, పాలికల్లో మొదటి గింజలు అమ్మ వేస్తుందని చెప్పాను. అవతల వదిన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, ఏమేం తెప్పించాలో అత్తయ్యనే అడగండి" అంది. ఫోన్ అమ్మకు ఇచ్చాను.

అమ్మ తటపటాయిస్తుందనుకున్నాను. ఫోన్ చెవికి ఆనించుకుని, కొంగు సర్దుకుని, "పెసలు ఈ ఏటివే తెమ్మను. వడ్లు కూడా. పదిహేను రోజుల ముందే నాకు పంపండి, గుడ్డలో వేసి చూసి చెబుతా" అంది.